పాడుబడ్డ మిద్దెల్లో కెనాన్ 10–18 లెన్సు: ఒరిగింది గోడా, బొమ్మా?

ఫొటో తీసేటప్పుడు వెనక్కి జరగడానికి చోటు దొరకని వాళ్ల కోసమే ఈ లెన్సు. ఆ ఇబ్బంది లేనివాళ్లు కెమెరాతో పాటు వచ్చే 18–55తోనే హాయిగా పని నడుపుకోవచ్చు, డబ్బు దండగ చేసుకోనక్కర్లేదు. పాడుబడ్డ ఇళ్లు, మిద్దెలు ఫొటోలు తీసేవాళ్లకు మాత్రం ఆ ఇబ్బంది రోజూ ఉండేదే. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

పూర్తి పేరు కెనాన్ ఈఎఫ్-ఎస్ 10–18 ఎంఎం ఎఫ్/4.5–5.6 ఐఎస్ ఎస్‌టీఎం. 2014లో మార్కెట్లోకి వచ్చింది. నేను కావలిలో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. కల్యాణ మండపంలో స్టేజీ, దాని మీదున్న చుట్టాలు, పైన పూల అలంకరణ మొత్తం ఒక్క ఫ్రేములోకి రావాలని సెకండ్ హ్యాండ్‌లో పదకొండు వేలకు తీసుకున్నాను. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలు ఉండవు. ఆ రోజుల్లో బండేసుకుని నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పాత మండువా ఇళ్లు, వడ్లకొట్లు, మూతబడ్డ అభ్రకం షెడ్లు తీస్తుంటాను. ఇప్పుడు ఈ లెన్సు పెళ్లిళ్ల కంటే ఆ పనికే ఎక్కువగా బయటికి వస్తోంది. కెమెరా బాడీ కెనాన్ 200డి, 24 మెగాపిక్సెళ్లది.

ముందు లెక్క చెబుతాను. ఎంఎం అంకె తగ్గేకొద్దీ లెన్సు అంత ఎక్కువ వెడల్పు చూస్తుంది. గోడకు ఎనిమిది అడుగుల దూరంలో నిలబడితే 18 ఎంఎం దగ్గర దాదాపు పదడుగుల వెడల్పు గోడ ఫ్రేములోకి వస్తుంది. అదే చోటు నుంచి 10 ఎంఎం దగ్గర దాదాపు 18 అడుగుల గోడ వస్తుంది. ఊళ్లో బాగున్న ఇల్లయితే ఆ తేడా పెద్దగా పట్టదు, నాలుగడుగులు వెనక్కి వేస్తే సరిపోతుంది. కూలిన ఇంట్లో ఆ నాలుగడుగుల చోట ఏముంటుంది? పైకప్పు నుంచి రాలిన ఇటుకల కుప్ప ఉంటుంది, సర్కారు తుమ్మ ఉంటుంది, ఒక్కోసారి మూత లేని బావి కూడా ఉంటుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టుకుని వెనక్కి నడవడం ఇలాంటి చోట్ల అన్నిటికంటే ప్రమాదం. ఈ లెన్సుతో గడపలోనే నిలబడి పని పూర్తి చేయొచ్చు. నాకు దీని మీద ప్రేమ మొదలైంది అక్కడే.

ఇక నేను రాయాలనుకున్న అసలు విషయం. పాడుబడ్డ ఇంటి ఫొటోలో గోడ ఒరిగి కనిపిస్తే, అది నిజంగా ఒరిగిందా, లెన్సు ఒరిగించిందా అన్నది చూసేవాళ్లకు తెలియాలి. వైడ్ లెన్సు పట్టుకున్న ప్రతివాళ్లూ చేసే పని ఒకటుంది. పైకప్పు కూడా రావాలని కెమెరాను కాస్త పైకి ఎత్తుతారు. ఎత్తగానే నిలువు గీతలన్నీ పైకి పోయేకొద్దీ లోపలికి వాలతాయి. 10 ఎంఎం దగ్గర ఆ వాలు చాలా ఎక్కువ. కొత్తగా కట్టిన బిల్డింగ్‌ను అలా తీస్తే అందరూ అది ఫొటో తీరని అర్థం చేసుకుంటారు. కూలిపోతున్న ఇంటిని అలా తీస్తే మాత్రం గోడ ఇవాళో రేపో పడిపోతుందని నమ్మేస్తారు. చాలామంది ఆ భయం కోసమే కావాలని అలా తీస్తున్నారు. నాకు అది నచ్చదు. ఆ ఇల్లు నూరేళ్లు నిలబడింది. ఎంత ఒరిగిందో అంతే చూపించడం మన బాధ్యత.

కాబట్టి కెమెరాను ఎత్తను. ట్రైపాడ్ మీద నిటారుగా, ఐదడుగుల ఎత్తులో, నిలువు ఫ్రేములో పెడతాను. ఎనిమిది అడుగుల దూరం నుంచి 10 ఎంఎం దగ్గర పైన దాదాపు 14 అడుగుల ఎత్తు దాకా వస్తుంది. దూలాలు, వాసాలు, గోడ చివర అన్నీ అందులో ఉంటాయి. ఫ్రేము కింది భాగంలో నేల ఉంటుంది, దాన్ని తర్వాత కత్తిరించేస్తాను. 24 మెగాపిక్సెళ్లలో కొంత పోయినా ప్రింటుకు లోటు రాదు. కెమెరాను ఎత్తకుండా పైకప్పు చూపించగలగడమే ఈ లెన్సు ఇచ్చే పెద్ద లాభం. ఎడిటింగ్‌లో గీతలు నిలబెట్టొచ్చు కదా అంటారు. నిలబెట్టొచ్చు. కానీ అప్పుడు ఏ గీతను నిలువుగా తీసుకోవాలో మనమే నిర్ణయించాలి. ద్వారబంధం నిలువా? గోడ నిలువా? పాత ఇంట్లో రెండూ చెరోవైపు ఒరిగి ఉంటాయి.

దీనికి నేను పట్టుకున్న ఉపాయం మేస్త్రీల తూకం గుండు. ప్రతి గదిలోనూ మొదటి ఫొటోకు ముందు, అనుమానం ఉన్న గోడ పక్కన, ఫ్రేముకు మధ్యగా వచ్చేట్టు ఒక తెల్లదారానికి గుండు కట్టి వేలాడదీస్తాను. దాంతో ఒక ఫొటో తీసి, తర్వాత దారం తీసేసి అదే ఫ్రేములో మిగతావి తీస్తాను. ఎడిటింగ్‌లో ఆ దారాన్ని నిలువుగా సరిచేసి, అదే సవరణను మిగతా ఫొటోలన్నిటికీ వేస్తాను. అప్పుడు ఒరిగినది ఒరిగినట్టే, నిలువుగా ఉన్నది నిలువుగానే వస్తుంది. దారాన్ని ఫ్రేము అంచున పెట్టకూడదు. 10 ఎంఎం దగ్గర అంచుల్లో సరళరేఖలు కాస్త వంగుతాయి, ఎడిటింగ్‌లో లెన్స్ ప్రొఫైల్ (ఆ లెన్సు వంపును సరిచేసే సెట్టింగు) వేశాకే సరిగ్గా వస్తాయి. ఇంకో మాట. గోడ మన వైపుకో, అవతలికో ఒరిగితే ఎదురుగా తీసిన ఫొటోలో అస్సలు తెలియదు. గోడ చివరికి వెళ్లి, దాని అంచు కనిపించేట్టు పక్క నుంచి తీయాలి.

ఒక పల్లెలో మండువా ఇల్లు తీసినప్పుడు ఈ పద్ధతి ఎంత పనికొస్తుందో కళ్లారా చూశాను. తాళం పక్కింటి అవ్వ దగ్గర ఉంది. నన్ను, నా ట్రైపాడ్‌ను చూసి, "ఏం నాయనా, కొలతలకొచ్చినావా? అమ్మేస్తా ఉండారా ఏంది ఇల్లు?" అని అడిగింది. "లేదవ్వా, ఫొటోలు తీసుకుంటా, అంతే" అన్నాను. తాళం తీసి, తానూ వచ్చి అరుగు మీద కూర్చుంది. పడమటి గోడ పక్క గుండు వేలాడదీస్తే, "అదేందబ్బయ్యా, మా మేస్త్రీ మాదిరి గుండేస్తా ఉండావే" అని ఆశ్చర్యపోయింది. బెంగళూరులో ఉన్న ఆ ఇంటి వాళ్లు ఫొటోలు పంపమన్నారు, పంపాను. వాళ్లు వాటిని తమ మేస్త్రీకి చూపించారట. దారానికి, గోడకు మధ్య సందు చూసి, గోడ పైన మూడంగుళాలు బయటికి వచ్చిందని, కింద పునాది బాగానే ఉందని, ఆ ఒక్క గోడ విప్పి కట్టుకుంటే మిగతాది నిలుస్తుందని ఆయన చెప్పాడట. కూల్చేద్దామనుకున్న వాళ్లు ఇప్పుడు ఆలోచిస్తున్నారు. ఏం చేస్తారో నాకు తెలియదు. ఆ ఫొటో ఆ పనికి ఉపయోగపడినందుకు నాకు కలిగిన సంతోషం ఏ పెళ్లి ఆల్బమ్‌కూ కలగలేదు.

వెలుతురు సంగతికి వస్తే, ఎఫ్/4.5 అంటే వెలుతురు లోపలికి వచ్చే కన్నం చిన్నది, చీకటి గదులకు సరిపోయే లెన్సు కాదిది. ట్రైపాడ్ తప్పనిసరి అనుకునే కొనండి. పాత ఇంట్లో కష్టం చీకటి ఒక్కటే కాదు. మండువాలో నడినెత్తి ఎండ పడుతుంటుంది, పక్కనే గదిలో దీపం పెట్టుకోవాల్సినంత చీకటి ఉంటుంది. ఒక్క ఎక్స్‌పోజర్‌లో రెండూ రావు. ఎఫ్/8, ఐఎస్ఓ 100 పెట్టి, బ్రాకెటింగ్‌లో రెండు స్టాపులు తక్కువ, సరిగ్గా, రెండు స్టాపులు ఎక్కువ అని మూడు ఫొటోలు తీస్తాను (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమో, రెట్టింపో అవుతుంది). రెండు సెకన్ల టైమర్ పెడితే బటన్ నొక్కిన అదురు కూడా ఉండదు, మూడూ వరసగా పడతాయి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు ఐఎస్ (చేతి అదురును తగ్గించే ఏర్పాటు) ఆపేస్తాను. మూడింటినీ కలిపేటప్పుడు చేయి బిగబట్టుకోవాలి. నీడలన్నీ తెల్లగా లాగేస్తే ఆ ఇల్లు సినిమా సెట్టులా అయిపోతుంది. గదిలో చీకటి ఉంటే చీకటి కనబడాలి, గోడ మీద గార పెచ్చులు మాత్రం తెలియాలి.

ఫ్లాష్ వాడను. దూలాల సందుల్లో గబ్బిలాలు ఉంటాయి. వాటిని బెదరగొడితే ఆ దుమ్మూ, పెంటా మన నెత్తినే పడతాయి. వాటి పెంట ఎండి పొడిగా గాల్లో లేస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు పెట్టుకునే లోపలికి వెళ్లండి.

చేత్తో పట్టుకుని తీయాల్సి వస్తే ఐఎస్ బాగా ఆదుకుంటుంది. నాలుగు స్టాపుల దాకా అని కంపెనీ చెబుతుంది. 10 ఎంఎం దగ్గర గోడకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి పావు సెకనుకు తీసినా నాకు పదును వస్తోంది. ఉదయగిరి కొండ ఎక్కేటప్పుడు ఇది బాగా కలిసొచ్చింది, ట్రైపాడ్ కిందే వదిలేశాను. లెన్సు బరువు 240 గ్రాములు. అదే టోకినా 11–16 ఎఫ్/2.8 అయితే అర కిలో పైనే. చీకట్లో అది మెరుగైనదే గానీ, నీళ్ల సీసాలు కూడా మోసుకుంటూ రాళ్ల దారిలో ఎక్కేవాడికి ప్రతి గ్రామూ లెక్కే.

ఉదయగిరి గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. కొండ మీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం 13 కోటలు ఉండేవని పాత గెజిటీరు రాసింది. ఒడిశా గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, దాని కోసం కట్టించిన కృష్ణాలయంలో 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. హంపికి వెళ్లి కృష్ణాలయం ముందు ఫొటోలు దిగే మన జిల్లా వాళ్లలో, ఆ కృష్ణుడు మన ఉదయగిరి నుంచి వెళ్లాడని తెలిసినవాళ్లు ఎంతమంది? అందుకే ఆ కోటను బాగా తీయాలని నా పట్టుదల. అయితే ఆరుబయట ఈ లెన్సు కొండను చిన్నబుచ్చుతుంది. 10 ఎంఎం దగ్గర దుర్గం మొత్తం ఫ్రేములోకి వస్తుంది గానీ, అంత నిటారు కొండ చిన్న దిబ్బలా కనబడుతుంది. కొండను కొండలా చూపించాలంటే దూరం నుంచి, దూరపువాటిని దగ్గరగా చూపే 55–250 లెన్సుతో తీయండి. 10–18ను కమానుల కిందా, గోడల మధ్య ఇరుకు దారుల్లోనూ, పైనున్న మసీదు లోపలా వాడండి.

బిట్రగుంటలోనూ అంతే. ఆవిరి ఇంజన్ల రోజుల్లో పెద్ద లోకోషెడ్‌తో వెలిగిన ఊరది. ఆవిరి ఇంజన్లు పోయాక ఆ వైభవం పోయింది. కట్టడాలు ఉన్నది రైల్వే స్థలంలో. అనుమతి లేకుండా లోపలికి పోకూడదు, పోను. రోడ్డు మీద నుంచి తీసేవాడికి వైడ్ లెన్సుతో పని లేదు, బ్యాగులోనే ఉంచాను.

ఈ లెన్సులో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. 22 సెంటీమీటర్ల దగ్గర ఉన్న వస్తువుకూ ఫోకస్ అవుతుంది. కూలిన పంచలో మంగుళూరు పెంకులు పడి ఉంటాయి కదా, వాటి వెనక తయారీ పేరు అచ్చు వేసి ఉంటుంది. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీతో ఆ పెంకుల తయారీ మొదలైంది. 1865 అనే అంకె అచ్చు వేసిన పెంకులు ఇప్పటికీ దొరుకుతాయి. అది ఫ్యాక్టరీ పుట్టిన ఏడాది, ఇల్లు కట్టిన ఏడాది అనుకోవద్దు. నేల మీద మోకాళ్లు ఆనించి, పెంకుకు జానెడు దూరంలో లెన్సు పెట్టి, 10 ఎంఎం, ఎఫ్/11 దగ్గర తీస్తే పెంకు మీద అక్షరాలు చదవొచ్చు, వెనక ఇల్లు మొత్తం కనబడుతుంది. ఆ పెంకు ఏ ఇంటి నుంచి పడిందో అదే ఫొటోలో తెలుస్తుంది. గొళ్లాలు, గాదె తలుపు మీది చెక్కడం, తులసికోట అంచు, గోడ మీద పిల్లల ఎత్తులు గీసిన పెన్సిలు గీతలు, వీటన్నిటినీ ఇలాగే ఇంటితో కలిపి తీస్తాను. విడిగా తీస్తే అవి పాత సామాన్ల కొట్లో వస్తువుల్లా ఉంటాయి.

ఇక నచ్చని సంగతులు. లెన్సును బాడీకి బిగించే రింగు ప్లాస్టిక్. మెల్లగా వాడుకుంటే పర్వాలేదు. హుడ్ (పక్క ఎండ పడకుండా లెన్సు ముందు బిగించే అడ్డు) విడిగా కొనుక్కోవాలి, అది లేకుండా మండువాలో ఎండకు ఎదురుగా తీయకండి. అంచుల్లో మనుషులు సాగిపోతారు. ఇంటి పెద్దావిడను ఫ్రేములో నిలబెడితే మధ్యలో నిలబెట్టండి, 14 ఎంఎం దాటి వైడ్‌కు వెళ్లకండి. ఇంకో పెద్ద చిక్కు, ఇది చిన్న గదిని పెద్ద హాలులా చూపిస్తుంది. పదడుగుల వంటగది రాజుల భోజనశాలలా వస్తుంది. నెల్లూరు పల్లెల్లో చాలా ఇళ్లు మధ్యతరగతి రైతులవి, పొదుపుగా కట్టుకున్నవి. అవి అలాగే కనబడాలి. అందుకని గదిలో తలుపో, మంచమో, రోలో, కొలత తెలిసే వస్తువు ఏదో ఒకటి ఫ్రేములో ఉండేట్టు చూస్తాను. ఉన్న వస్తువునే, ఉన్న చోటే. నేను జరపను, తెచ్చి పెట్టను.

సైదాపురం వైపు అభ్రకం గనుల దగ్గర తీసేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడి దుమ్ములో మెరిసే అభ్రకం మెత్తనిదే, దాంతో భయం లేదు. దాంతో పాటే ఉండే పలుగురాయి పొడి మాత్రం గాజును గీకేస్తుంది. అద్దం మీద దుమ్ము పడితే గుడ్డ పెట్టి రుద్దవద్దు, ముందు బ్లోయర్‌తో ఊదండి. 67 ఎంఎం యూవీ ఫిల్టర్ ఒకటి బిగించుకుంటే ఆ టెన్షన్ ఉండదు. లెన్సులు కూడా అక్కడ మార్చకండి.

మద్రాసు టెర్రస్ మిద్దెల మీదికి ఎక్కవద్దు. టేకు దూలాల మీద సన్న ఇటుకలు ఏటవాలుగా, నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన కప్పులవి. దూలం మధ్యలో గట్టిగా కనిపించినా, గోడలోకి దూరిన కొన నీళ్లకు కుళ్లిపోయి ఉంటుంది. కింద నుంచి ఆ కొన మనకు కనబడదు. గోడలో తడి మరక గానీ, రావి మొక్క గానీ దూలం దగ్గర ఉందంటే ఆ గదిలోకి నేను అడుగు పెట్టను. గడపలో నుంచి 10 ఎంఎంతో తీసి వచ్చేస్తాను. ఎప్పుడు వెళ్లినా తోడు ఒకరుండాలి, ఊళ్లో ఒకరికి చెప్పాలి. అనుమతి ప్రైవేటు ఇంటికి ఇంటివాళ్లది, పురావస్తు శాఖ కట్టడమైతే శాఖది. శాఖ రక్షణలో ఉన్న చోట్ల ట్రైపాడ్‌కు ప్రత్యేకంగా అనుమతి అడగాలి.

ఫొటో పెట్టేటప్పుడు ఊరి పేరు, దారి రాయకండి. చెక్కిన టేకు స్తంభాలకు, ద్వారబంధాలకు పెద్ద ఊళ్లలో మంచి ధర పలుకుతుంది. తాళం వేసిన ఇల్లు ఎక్కడుందో మనమే చెప్పినట్టవుతుంది. నేను మండలం పేరు కూడా రాయను. మా ఊరేనా అని ఆ ఊరివాళ్లే గుర్తుపట్టి అడిగితే, ప్రింటు ఇస్తాను.

కొనాలనుకునేవాళ్లకు: సెకండ్ హ్యాండ్‌లోనే చూడండి, ఇప్పుడు డీఎస్ఎల్ఆర్‌ల నుంచి మిర్రర్‌లెస్ కెమెరాలకు చాలామంది మారిపోతున్నారు కాబట్టి మంచి ముక్కలు దొరుకుతున్నాయి. మన సముద్రతీరం గాలికి లెన్సుల్లో ఫంగస్ త్వరగా పడుతుంది. ఫోన్ టార్చి వెనక నుంచి వేసి, ముందు నుంచి లోపలికి చూడండి. సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. ఇది పెద్ద సెన్సర్ ఉండే కెనాన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లకు బిగదు. మిర్రర్‌లెస్ ఆర్ సిరీస్‌లో చిన్న సెన్సర్ బాడీ ఉన్నవాళ్లు అడాప్టర్‌తో వాడొచ్చు గానీ, వాళ్లకు 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్-ఎస్ 10–18 ఉంది, బరువు 150 గ్రాములే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అటే వెళ్లండి. 200డి, 1500డి లాంటివి చేతిలో ఉన్నవాళ్లకు మాత్రం నా సలహా పాత 10–18నే. దాంతో పాటు హార్డ్‌వేర్ షాపులో ఒక తూకం గుండు, తెల్ల నైలాన్ దారం కూడా తీసుకోండి. దారం సన్నగా ఉంటే చీకటి గదిలో కనబడదు, మేస్త్రీలు వాడే లావుదే అడగండి.